బాల్కనీలో ఇసుక డబ్బా

మా ఇంట్లో ఎండాకాలం అయిపోయిందని క్యాలెండర్ చూసి ఎవరూ చెప్పరు. బేస్‌మెంట్ అల్మరాలోంచి కోట్లు పైకి వచ్చిన రోజే అయిపోయినట్టు లెక్క. సెప్టెంబర్ చివర్లో ఏదో ఒక పొద్దున, ఉత్త చెప్పులేసుకుని చెత్తడబ్బా రోడ్డు దాకా లాక్కెళ్ళి వచ్చేసరికి కాలివేళ్ళు జివ్వుమంటాయి. ఆ మధ్యాహ్నం నేను కిందికి దిగి, కోట్లన్నీ చేతిమీద వేసుకుని పైకి తెచ్చి, ముందుగది కుర్చీల మీద గాలికి ఆరేస్తాను. వాటిలో ఒకటి ముదురు గోధుమరంగు ఉన్నికోటు. దాన్ని ఎవరూ వేసుకోరు. మా ఆయనకి భుజాల దగ్గర పట్టదు, నాకు మోకాళ్ళు దాటి కిందికి వస్తుంది. దాన్ని మాత్రం అన్నిటికన్నా చివర్లో తీస్తాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కాలరు దగ్గర ముక్కు ఆనించి ఒకసారి గట్టిగా పీల్చి, అప్పుడు కుర్చీ మీద వేస్తాను. అమెరికాలో మేముండే ఈ నేపర్‌విల్‌లో, ఆకులు రంగు మారగానే అందరూ ఫాల్ కలర్స్ చూడ్డానికి కార్లేసుకుని ఎక్కడెక్కడికో వెళ్తారు. నాకు ఫాల్ మొదలయ్యేది ఆ కాలరు దగ్గర.

ఈ ఏడాది ఆ పని లేకపోయింది. మా అమ్మాయి స్నేహ పిల్లాడితో వారం రోజులుండి పోదామని వచ్చింది. దానికి ఊరికే కూర్చోవడం చేతకాదు, అందులో నన్ను పోలింది. నేను గుడికి వెళ్ళొచ్చేలోపు బేస్‌మెంట్ అంతా సర్ది, కోట్లన్నీ డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేసింది. రెండు రోజుల తర్వాత అవి పల్చటి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని తిరిగొచ్చాయి. "ఆ బ్రౌన్ కోట్ ఫుల్ స్మోక్ స్మెల్ మమ్మీ. బేబీకి మంచిది కాదు. ఇన్ని ఇయర్స్ ఎట్లా పెట్టుకున్నారు?" అంది. అది ఊపిరితిత్తుల డాక్టరు, దాని మాటలో వంక పెట్టడానికేమీ లేదు. కవరు తీసి కాలరు దగ్గర ముక్కు పెడితే ఏదో మందు వాసన. అంతే. వంటింట్లోకి వెళ్ళి, గ్యాస్కెట్ సరిగ్గా పట్టడం లేదని కుక్కర్‌ని తిట్టాను. మా ఆయన పేపరు మీంచి తలెత్తి నావైపు చూసి, మళ్ళీ పేపర్లోకి దించుకున్నారు.

ఆ కోటు మా మావయ్యగారిది. అంటే ఆయన కొనుక్కున్నది కాదు, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. అది తెలియాలంటే మేం మొదట్లో ఉన్న అపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళాలి. రైలు స్టేషన్‌కి కాస్త దూరంలో, పార్కింగ్ చుట్టూ కట్టిన రెండంతస్తుల ఇళ్ళు. మాది పైన. బయటివైపు చెక్కమెట్లు, వెనక మంచం పట్టేంత బాల్కనీ, కింద ఒక మేపుల్ చెట్టు, దాని కింద ఒక బెంచీ. మా ఆయన సోమవారం పొద్దున్నే విమానం ఎక్కి వేరే ఊళ్ళో ప్రాజెక్ట్‌కి వెళ్ళి, గురువారం చీకటిపడ్డాక వచ్చేవారు. మిగిలిన రోజులు నేనూ, నా ఒళ్ళో స్నేహా. అది బోర్లా పడడం నేర్చుకుంటున్న రోజుల్లో మావయ్యగారు వచ్చారు. మా అత్తగారు అప్పటికే లేరు. ఆర్నెల్లు ఉండి అక్టోబర్ చివర్లో వెళ్ళేట్టు టికెట్.

ఆయన కందుకూరు పక్క పల్లెలో పొగాకు మనిషి. పండించడం, బ్యారన్‌లో కాల్చడం, రంగు చూసి వేరుచేయడం, జీవితమంతా ఆ ఆకు చుట్టూనే తిరిగింది. బ్యారన్ అంటే ఎత్తుగోడల గది. కర్రలకి అల్లిన పచ్చాకు లోపల వేలాడదీసి, కింద గొట్టాల్లోకి మంట పెట్టి, పచ్చదనం పోయి పసుపు తిరిగేదాకా సెగ చూసుకుంటూ కాపలా కాయాలి. అలా కాసీ కాసీ ఆయనకి నిద్ర తక్కువ, మాట ఇంకా తక్కువ. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, తన పంచె తనే ఉతుక్కుని బాల్కనీ కమ్మీ మీద ఆరేసేవారు. ఊరగాయ సీసాలకి చుట్టి తెచ్చిన పాత తెలుగు పేపర్లని నూనె మరకలతో సహా చేత్తో సాపు చేసుకుని, రోజుకో కాగితం చొప్పున చదివేవారు. గదిలోకి వచ్చేముందు దగ్గేవారు. నేను ఆయన ముందు కూర్చునేదాన్ని కాదు, కూర్చోమని ఆయన అనేవారూ కాదు. అలాగని ఇద్దరికీ పడదని కాదు. ఒకరి మీద ఒకరికి ఉన్న మర్యాద మా ఇద్దరి మధ్య మంచం వేసుకుని పడుకుందంతే.

ఆ మర్యాదలో అసలు ముచ్చట చుట్ట. మావయ్యగారు చుట్ట తాగుతారని మా ఊళ్ళో గోడలక్కూడా తెలుసు. నా ముందు మాత్రం ఒక్కసారి కూడా తాగలేదు. భోజనం అవగానే "అట్టా నడిచొస్తానమ్మా" అని మెట్లు దిగి బెంచీ మీద కూర్చునేవారు. వచ్చేటప్పుడు బుగ్గలో లవంగం. ఆయన ఇంకా సగం మెట్ల మీద ఉండగానే వాసన ముందొచ్చి తలుపు తట్టేది. "చల్లగాలికి తిరిగొచ్చారా మావయ్యగారూ" అని అడిగేదాన్ని. "ఆఁ, గాలి బాగుందమ్మా" అనేవారు. ఇద్దరం ఇంత చక్కగా నటించాక ఒకరికొకరు దణ్ణం పెట్టుకోవాల్సింది.

ఆ ఎండాకాలం ఎంత పొడుగ్గా ఉండేదో. రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుతురు ఇంకా బయట తచ్చాడుతూనే ఉండేది. పొద్దుటిపూట ఆయన స్నేహని బండిలో వేసుకుని పార్కింగ్ చుట్టూ తిప్పేవారు. అప్పుడు చుట్ట ముట్టేవారు కాదు, చేతులు కూడా సబ్బుతో కడుక్కునే బండి పట్టుకునేవారు. సాయంత్రం బెంచీ మీద కింది ఇంట్లో ఒంటరిగా ఉండే డోరతీ వచ్చి కూర్చునేది. ఆవిడకీ భర్త పోయి చాన్నాళ్ళయింది. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా బాల్కనీలోంచి చూస్తే ఇద్దరూ ఎడతెగకుండా మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. ఈయన చేతులు తిప్పి బ్యారన్ ఎలా కడతారో చూపించేవారు, ఆవిడ తలూపి ఇంకేదో చూపించేది. కిటికీలు తెరిచే ఉండేవి కాబట్టి ఆ గొంతులు వంటింట్లోకి వినబడేవి, నాకు తోడున్నట్టు ఉండేది.

ఆగస్టు చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ, వీసా వంకతో కొన్నాళ్ళూ పాప వంకతో కొన్నాళ్ళూ వెనక్కి పోతూ వచ్చిన ఉద్యోగం అది. అక్టోబర్ చివర్లో చేరాలి. మావయ్యగారు చలికాలం ఉండిపోతే పాప ఇంట్లోనే, ఆయన చేతిలోనే పెరుగుతుంది, నేను నిశ్చింతగా వెళ్తాను. ఆయన వెళ్ళిపోతే ఉద్యోగం లేదు. అంత చిన్నదాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర వదలడానికి నా మనసొప్పేది కాదు. ఆయన్ని ఉండమని అడగడానికేమో నాకు నోరొచ్చేది కాదు. మామగారితో "మీరుండి పిల్లని చూసుకోండి, నేను ఆఫీస్‌కి పోతాను" అని ఏ కోడలంటుంది? మా ఆయన్నే అడగమన్నాను. అడిగారు. "చూద్దాంలేరా, చలి ఎట్టా ఉంటదో" అన్నారట. ఆ ముక్కని నేను ఎన్నివిధాల తిరగేశానో. పప్పులో పులుపు చాలడం లేదేమో, కాఫీ పల్చగా ఇస్తున్నానేమో, ఏదో ఒకరోజు పాప ఏడుపుకి విసుక్కోవడం విన్నారేమో. ఎక్కడ చూసినా నా తప్పే కనబడేది.

ఈలోపు కాలం మారిపోయింది. ముందు కీచురాళ్ళ చప్పుడు పల్చబడింది. పసుపు స్కూలు బస్సులు రోడ్డెక్కాయి. తర్వాత ఒక వారంలో మేపుల్ చెట్టు ఒక పక్కనుంచి అంటుకున్నట్టు ఎర్రబడింది. మావయ్యగారు చెట్టు కింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశారు. ఆకులు ఏరుకొచ్చి భోజనాల బల్ల మీద పోసి, స్నేహని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రంగు చూసి వేరుచేయడం మొదలుపెట్టారు. నిమ్మపండు రంగువి ఒక కుప్ప, నారింజవి ఒకటి, మచ్చలున్నవి ఇంకొకటి. ఆకుని వెలుతురికి పట్టి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి పెట్టేవారు. స్నేహ కుప్పలన్నీ కలిపేసేది, ఆయన మళ్ళీ మొదటికి వచ్చేవారు. కాడలు దగ్గర చేర్చి దారంతో కట్టి, కట్టలు కట్టలుగా కర్టెన్ కర్రకి వేలాడదీశారు. "ఇంత ఆకు కాల్చాలంటే మాకు ఎంత పుల్ల కావాలమ్మా. ఈడ ఊరికే చెట్టు మీదే కాలిపోద్ది" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూళ్ళేదు. ఇక ఉండిపోతారులే అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఎండ మోసం చేసింది. మధ్యాహ్నం అద్దంలోంచి చూస్తే కళ్ళు చెదిరే ఎండ. మన వైపు అలాంటి ఎండ కనబడితే గొడుగు వెతుక్కుంటాం. ఆయన పంచె మీద పొట్టిచేతుల చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, "అట్టా నడిచొస్తానమ్మా" అని దిగిపోయారు. నేను పాపకి అన్నం తినిపిస్తూ చూసుకోలేదు. కాసేపటికి పళ్ళు టకటకలాడించుకుంటూ పైకొచ్చారు, లవంగం కూడా వేసుకోలేదు. దుప్పటి కప్పి, వేడిగా మిరియాల చారు ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరో తెలిసినవాళ్ళు మాట తప్పినట్టు బయటికి చూశారు. "ఇదేం ఎండమ్మా. దీపానికి మల్లే వెలుతురే గాని సెగ లేదు" అన్నారు.

అప్పట్నుంచీ మనిషి మారిపోయారు. బెంచీ మానేశారు. భోజనమయ్యాక లేచి బాల్కనీ అద్దం దాకా వెళ్ళి, వీపు వెనక చేతులు కట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చేసేవారు. చేతులకి తోచక కర్టెన్ కర్రకున్న ఆకుకట్టలు విప్పి మళ్ళీ కట్టేవారు. చలి ముదరడంతో కిటికీలు మూసేశాం. హీటర్ మొదటిసారి వేసిన సాయంత్రం ఏడాది దుమ్మంతా కాలిన వాసన ఇల్లంతా నిండింది. ఆయన గదిలోంచి గబగబా వచ్చి, "బ్యారన్ వెలిగిచ్చినట్టుందే" అని గాలి పీల్చుకున్నారు. ఒక్కక్షణం మొహం వెలిగింది. తర్వాత మూసిన కిటికీలు చూసి, నేల మీద ఆడుకుంటున్న స్నేహని చూసి, "నా టికెట్ ఏ రోజమ్మా" అని అడిగారు. చెప్పాను. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను. ఉద్యోగం పోతుందని ఏడ్చానో, ఆయన పోతారని ఏడ్చానో అప్పుడు తెలియలేదు. రెండోదే ఎక్కువని ఇప్పుడు తెలుసు.

అసలు సంగతి డోరతీ చెప్పింది. కింద బట్టలుతికే గదిలో కనబడి, మీ మామగారు బెంచీ దగ్గరికి రావడం లేదేమని అడిగింది. చలి అన్నాను. చలి ఒక్కటే కాదని తలూపి, ఆయన తనకంతా చెప్పారంది. ఏ భాషలో అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన చేసి చూపించినట్టే ఆవిడ చేత్తో ఇల్లు చూపించింది, కిటికీలు మూసింది, చేతుల్లో పాపని ఊపింది, రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టి పొగ వదిలింది, అడ్డంగా తలూపింది. తర్వాత అరచేతిని విమానం చేసి పైకి లేపింది. పొగ సంగతి మా ఇంట్లో పైకి అనకూడనిదని ఆవిడకి తెలియదు. నన్ను అక్కడే నిలబెట్టి తన ఇంట్లోకి వెళ్ళి, తన భర్తదట, ముదురు గోధుమరంగు ఉన్నికోటు తెచ్చి నా బట్టల బుట్ట మీద పెట్టింది. ఇది వేసుకుంటే బయట కూర్చోవచ్చని చెప్పమంది.

చెప్పడమెలా? ఆ సాయంత్రం ఫోన్లో మా ఆయనతో అంటే నవ్వి, బాల్కనీలో తాగమని చెప్పెయ్యి అన్నారు. మీ నాన్నగారికి నేనా చెప్పేది అన్నాను. అప్పుడు నాకు తెలియని మాట ఒకటి చెప్పారు. మా పెళ్ళప్పుడు మా అత్తగారు మావయ్యగారి దగ్గర మాట తీసుకున్నారట, కొత్త కోడలి కళ్ళపడేట్టు చుట్ట తాగొద్దని. ఆవిడ పోయినా మాట పోలేదు. బాల్కనీకి ఉన్నది నిలువెత్తు అద్దం తలుపు. అక్కడ కూర్చుంటే వంటింట్లో ఉన్న నాకు కనబడతారు. అందుకే అద్దం దాకా వెళ్ళి వచ్చేస్తున్నారు.

మర్నాడు మావయ్యగారు స్నేహని నిద్రపుచ్చుతుండగా, అద్దం తలుపుకి లోపలివైపు మందపాటి దుప్పటి వేలాడదీశాను. పొద్దున హార్డ్‌వేర్ షాపులో కొన్న చిన్న ఇసుక బస్తా విప్పి, చుట్ట గుచ్చి ఆర్పేందుకు పెద్ద కాఫీడబ్బాలో సగం దాకా పోసి బాల్కనీ మూల పెట్టాను. దాని పక్కన కుర్చీ వేసి, కుర్చీ మీద డోరతీ కోటు పెట్టాను. ఆయన బయటికొచ్చి దుప్పటి పక్కకి జరిపి అన్నీ ఒక్కొక్కటిగా చూశారు.

"ఏందమ్మా ఇదంతా?"

"చలిగాలి లోపలికి రాకుండా దుప్పటి కట్టాను మావయ్యగారూ. ఇసుక మెట్ల మీద చల్లడానికి. ఐస్ పడితే జారతాయట."

"మరి కుర్చీ?"

"లోపల అడ్డంగా ఉందని."

ఆయన ఇసుక డబ్బా దగ్గర వంగి, గుప్పెడు తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచారు. నావైపు చూడలేదు. "మీ అత్త ఉండుంటే నిన్ను చూసి మురిసిపోయేదమ్మా" అన్నారు. చేతులు దులుపుకుని, "ఉండనీ. ఇసక మంచిదే" అన్నారు.

ఆ సాయంత్రం భోజనమయ్యాక కోటు తొడుక్కుని, "అట్టా నిలబడొస్తానమ్మా" అన్నారు. తలుపు జరిగిన చప్పుడు వినగానే నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. నేనిక్కడ సింక్ దగ్గరున్నాను, ఆ దుప్పటి వైపు రాను, మీ మాట మీకు దక్కింది అని చెప్పడానికి నా దగ్గరున్న భాష అదొక్కటే. ఆయనకి అర్థమయింది. లోపలికొచ్చేముందు అద్దం మీద వేలితో చిన్నగా కొట్టేవారు, నేను కుళాయి కట్టేసేదాన్ని. శుక్రవారం మా ఆయన్ని పిలిచి, ఈ మంచు ఏందో చూసిపోదాం, టికెట్ వెనక్కి జరపరా అన్నారు. ఒక వారాంతం మా ఆయన వంటింట్లోకి తొంగిచూసి, గిన్నెలన్నీ తోమేశావుగా, ఇంకా ఏం కడుగుతున్నావని అడిగారు. ఊరుకోండి అన్నాను. ఆయన దుప్పటి వైపు చూసి, నావైపు చూసి, నిజంగానే ఊరుకున్నారు.

నేను ఉద్యోగంలో చేరాను. స్నేహ మొదటి అడుగులు ఆయన కోటు అంచు పట్టుకుని వేసింది. చెట్లకి మళ్ళీ చిగురు రాగానే ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తాగా అని కోటు ఇక్కడే వదిలేశారు. రాలేదు. చివరికి ఆ పొగే ఆయన ఊపిరి తీసింది, అందులో దాచేదేమీ లేదు. ఇప్పుడైతే ఆయన్ని కూర్చోబెట్టి స్నేహ ఎక్స్‌రే చూపించి మాన్పించేది. బహుశా ఇంకొన్నేళ్ళు ఉండేవారు. మా ఇంట్లో ఇప్పుడు అందరూ అన్నీ మాట్లాడుకుంటారు. పిల్లాడిని ఎలా పడుకోబెట్టాలో, వాడికి ఏం పెట్టకూడదో స్నేహ నాకు మొహం మీదే చెప్తుంది. నాకూ అదే హాయి. పప్పులో పులుపు చాల్లేదేమో అని ఎవరి మొహమూ చదవక్కర్లేదు. ఆ రోజులు మళ్ళీ కావాలని నేను కోరుకోను. కానీ ఒక మనిషి కోసం ఒక దుప్పటీ, ఒక డబ్బా ఇసుకా ఆలోచించి పెట్టడంలో ఉన్న ప్రేమ, అన్నీ నోటితో చెప్పుకునే ఇంట్లో ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

నిన్న గరాజ్ వెనక అరలోంచి ఆ కాఫీడబ్బా తీశాను. ఇల్లు మారినప్పుడల్లా మాతోపాటే మారింది. మూత తీసి వాసన చూస్తే తుప్పు, ఇసుక, ఇంకేమీ లేదు. తెచ్చి ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద కుర్చీ పక్కన పెట్టాను. స్నేహ పిల్లాడిని చంకనేసుకుని వచ్చి, "మమ్మీ, ఆ శాండ్ ఎందుకు?" అని అడిగింది.

"మెట్ల మీద చల్లడానికి. ఐస్ పడితే జారతాయి."

"ఐస్ కరగడానికి సాల్ట్ ఉంది కదా."

"ఉండనీ."

అది భుజాలెగరేసి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం వెలుతురు తొందరగా దిగిపోతోంది. ఎదురింటి మేపుల్ ఒక పక్కనుంచి ఎర్రబడింది. కోటుకి పట్టిన మందు వాసన గాలికి పోతుందేమోనని దాన్ని తెచ్చి భుజాల మీద వేసుకుని, తలుపు జరిపి, డెక్ మీద కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. అప్పుడు లోపల వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. స్నేహ పైన పిల్లాడికి స్నానం చేయిస్తోంది. కింద ఉన్నది మా ఆయనొక్కరే. సింక్‌లో గిన్నెలేమీ లేవని నాకు తెలుసు.